కింద దీపం ఎరుపు

మా బడిలో ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు ఒక సభ పెడతారు. అందులో మాట్లాడే పని నాదే. బెంగాలీ మాట్లాడే ఈ రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ పేటలో తెలుగు చెప్పే పంతులమ్మను కదా, మాటలకు నాకేం తక్కువని అందరి నమ్మకం. ఈ ఏడు విషయం కూడా హెడ్‌మాస్టరు గారే ఇచ్చారు: "విజయం మన చేతుల్లోనే ఉంది." ఈసారి ఆ పిల్లల్లో నా కొడుకూ ఉన్నాడు. తాతలాగా రైలు డ్రైవరు అవుతానంటాడు. వాడి ఎదురుగా నిలబడి ఆ మాట ఎలా అనాలో నాకు తెలియడం లేదు. ఎందుకంటే, ఆ మాటను నమ్మి బతుకు పోగొట్టుకున్నవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడు నా తమ్ముడు.

మా నాన్న మెయిల్ బండ్ల డ్రైవరు. డ్యూటీ లేని సాయంత్రం తమ్ముణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద, నన్ను వెనక క్యారియర్ మీద ఎక్కించుకుని పట్టాల మీది వంతెనకు తీసుకెళ్లేవాడు. అక్కడ నిలబెట్టి దూరంగా ఉన్న సిగ్నల్ స్తంభాలు చూపించేవాడు.

"అడుగునున్నది రెడ్డు. దాని మీదది ఎల్లో. ఆ మీదది గ్రీను. నిద్రలో లేపి అడిగినా సెప్పాల."

డ్రైవర్ల ఇళ్లలో మగపిల్లాడికి అక్షరాభ్యాసం కన్నా ముందు జరిగే చదువు ఇది. పలక మీద అ ఆలు రాకపోయినా ఎవరూ ఏమీ అనరు గానీ, సిగ్నల్ తప్పు చెబితే మాత్రం వీపు విమానం మోతే. తమ్ముడు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నాన్న మురిసిపోయి వాడికి జిలేబీ కొనిపెట్టేవాడు. నాకూ పెట్టేవాడు గానీ, నన్ను సిగ్నల్ అడిగేవాడు కాదు.

వాడికి ఇంకో పేరు కూడా ఉండేది, కూరగాయలు బాగా ఏరతాడని. గోల్ బజార్‌లో టమాటాలు ఏరేటప్పుడు ప్రతి కాయనూ బొటనవేలితో నొక్కి నొక్కి చూసేవాడు. కూరగాయలమ్మే బెంగాలీ దాదా మొత్తుకునేవాడు, "టిపో నా, బాబూ, టిపో నా!" అని. నొక్కొద్దురా బాబూ అని. ఇంటికొచ్చాక అమ్మ సంచీ విప్పి, "నా కొడుకు ఏరితే ఒక్క పచ్చి కాయ రాదు" అనేది. పచ్చిమిరపకాయల దగ్గర మాత్రం తిట్లు తినేవాడు. "పచ్చివి తెమ్మంటే పండువి కలిపీసినావేటిరా? దిక్కులు సూస్తా నిలబడ్డావా?" అనేది. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

చదువులో నాకన్నా వాడే మెరుగు. నేను బట్టీ పట్టేదాన్ని, వాడు అర్థం చేసుకునేవాడు. రైల్వేలో రెండు పరీక్షలు రాసి రెండూ గట్టెక్కాడు. ఒకటి టికెట్ల ఆఫీసులో క్లర్కు పని, రెండోది అసిస్టెంట్ డ్రైవరు. క్లర్కు పనికి పిలుపు ముందు వచ్చింది. అమ్మ చేరమంది. నాన్న భోజనం ముందు కూర్చుని కంచం పక్కకు జరిపాడు.

"పులి కడుపున పిల్లి పుట్టిందంటారు నన్ను. కిటికీలో సెయ్యెట్టి టికెట్లిచ్చే ఉజ్జోగం నా కొడుక్కేటి?"

నాన్న ఒక్కడే బలవంతపెట్టాడని అంటే అబద్ధమవుతుంది. తమ్ముడికీ ఇంజనే కావాలి. "క్లర్కు పని మానేత్తన్నానమ్మా, ఏటీ అనుకోకు" అని వాడే చెప్పాడు. పుట్టిన దగ్గర్నుంచీ వంతెన మీద పెరిగిన పిల్లాడు ఇంకేం కోరుకుంటాడు? మా వీధిలో ఎవరికీ అది తప్పుగా కనిపించలేదు. ఎదురింటి డ్రైవరు గారైతే వచ్చి భుజం తట్టి వెళ్లారు.

మెడికల్‌లో కళ్ల పరీక్ష దగ్గర వాణ్ని ఆపేశారు. రంగు చుక్కల బొమ్మ చూపించి, ఇందులో ఏ అంకె ఉందని అడిగారట. "అంకేటి సార్, సుక్కలే కదా ఉన్నాయి" అన్నాడట వీడు. తర్వాత ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి ఒక పెట్టె చూపించారు. ఆ పెట్టెకు ఒకటే కన్నం. అందులోంచి ఒక దీపం తర్వాత ఒక దీపం వెలుగుతుంది. పైన లేదు, కింద లేదు, ఉన్నదల్లా ఒకే చోటు. ఎర్రదాన్నీ పచ్చదాన్నీ వాడు ఒకటే అన్నాడు.

నాన్న నమ్మలేదు. ఆ సాయంత్రమే వాణ్ని వంతెన మీదకు లాక్కుపోయి అడిగితే అన్నీ ఠక్కున చెప్పాడు. "డాక్టర్లకే కళ్లు లేవు" అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. అయినా మనసు ఒప్పుకోలేదేమో, మసక పడ్డాక డ్యూటీ టార్చి తీశాడు. మూడు రంగుల అద్దాలు మార్చుకునే టార్చి అది. పెరట్లో గోడ దగ్గర నిలబడి వెలిగించాడు.

"ఇదేటి?"

"గ్రీను."

నేను గుమ్మంలో ఉన్నాను. పెరడంతా ఎర్రగా ఉంది. అమ్మ ఆరేసిన తెల్ల చీర కూడా ఎర్రగా ఉంది.

నాన్న అద్దం మార్చాడు. "ఇదో?"

తమ్ముడు దీపం వైపు కాదు, నాన్న ముఖం వైపు చూశాడు, జవాబు అక్కడేమైనా దొరుకుతుందేమోనని. అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ వాడు చూసింది రంగు కాదు, చోటు. కింద దీపం ఎరుపు అని నాన్న నేర్పాడు, వాడు నేర్చుకున్నాడు. అంత బాగా నేర్పకపోయుంటే ఎప్పుడో బయటపడేది. చేతికొచ్చిన క్లర్కు పని వదులుకునేవాడు కాదు. నాన్న ప్రేమగా నేర్పిన చదువే వాడి కొంప ముంచింది. దీనికి ఎవర్ని తిట్టాలి?

నాన్న అమ్మను తిట్టాడు. ఇది తల్లి వైపు నుంచి వస్తుందని డాక్టరు చెప్పాడు మరి. మగపిల్లల్లో బయటపడుతుంది, ఆడపిల్లలు తమకేమీ లేకుండానే మోసుకొస్తారు అన్నాడు. అమ్మకు అప్పుడు తన అన్న గుర్తొచ్చాడు. చేలో పండిన మిరపకాయలు వదిలేసి పచ్చివి కోసుకొచ్చేవాడట. సోమరిపోతని తాత ఆయన్ని కర్రతో బాదేవాడట. "నా కడుపే సెడ్డది" అని అమ్మ తల కొట్టుకుంది. ఆ తర్వాత నాన్న అమ్మతో సరిగ్గా మాట్లాడింది లేదు.

క్లర్కు పని మళ్లీ రాలేదు. తమ్ముడు వేరే పరీక్షలు రాశాడు, ఏదీ కలిసి రాలేదు, వయసు దాటిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటులా నాన్న రిటైరయ్యాడు. కొడుకు రైల్వేలో ఉంటే క్వార్టరు వాడి పేరు మీదకు మారేది. లేడు కాబట్టి ఖాళీ చేసి పూరీ గేట్ అవతల అద్దె ఇంట్లోకి వచ్చాం. నాన్న ఆ ఇంట్లోనే పోయాడు. తమ్ముడు కొన్నాళ్లు ఊరి పక్క సాలువాలో ఒక కాంట్రాక్టరు దగ్గర సరుకులు మోయించాడు, ఇప్పుడు టోటో అనే బ్యాటరీ ఆటో నడుపుతున్నాడు. కళ్ల సంగతి ఎవరైనా ఎత్తితే వాడే నవ్వుతాడు. "రోడ్డు మీద రంగులెవడు సూస్తాడు అక్కా? హారన్ ఇనబడితే సాలు."

మా వాళ్లంతా నాకో మాట, వాడికో మాట పంచిపెట్టారు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత, చేతికొచ్చిన ఉద్యోగం కాలదన్నాడు" అని వాడి గురించి. "కష్టపడి పైకొచ్చింది" అని నా గురించి. నేను కష్టపడ్డాను, కాదనను. అంతకు రెండింతలు వాడు కష్టపడ్డాడు. ఒకే కడుపున పుట్టాం. నాది ఆడపుట్టుక కాబట్టి తప్పించుకున్నాను. ఇందులో నా గొప్ప ఏముందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

నా కొడుకు చిన్నగా ఉన్నప్పుడు వాడి ముందు నా గాజులు పోసి రంగులు అడిగాను. ఒక్కోటి ఒక్కోలా నిగనిగలాడే గాజులు, రోజూ నా చేతికి చూసేవే, అన్నీ సరిగ్గా చెప్పాడు. ఆ సాయంత్రం గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

మొన్న ఆదివారం పొద్దున వాణ్ని వెంటబెట్టుకుని గోల్ బజార్ వెళ్లాను. తమ్ముడు టోటోలో దింపి, అక్కడే బండి పక్కకు పెట్టుకుని కూర్చున్నాడు. నేను వంకాయలు ఏరుతూ, టమాటాలు ఏరమని నా కొడుక్కి చెప్పాను. వెనక నుంచి కూరగాయల దాదా గొంతు వినిపించింది.

"టిపో నా, బాబూ, టిపో నా!"

తిరిగి చూశాను. నా కొడుకు ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కాడు, పెట్టేశాడు. ఇంకోటి తీసి నొక్కాడు.

"ఎందుకురా అలా నొక్కుతున్నావు?" అన్నాను.

"పండిందో లేదో నొక్కితేనే కదమ్మా తెలుస్తాది? అందరూ అలాగే సూస్తారు కదా" అన్నాడు వాడు.

తమ్ముడు బండి దిగి వచ్చాడు. వాడూ విన్నాడు. నా చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. వాడి ముఖం చూడలేక వంకాయల వైపు తిరిగాను.

"ఆడికి సెప్పియ్యక్కా" అన్నాడు చెవి దగ్గర. "నాకెవలూ ముందు సెప్పలేదు."

"డ్రైవరవుతానంటున్నాడురా."

"అందుకే సెప్పియ్యమన్నాను."

ముగ్గురం టోటోలో ఇంటికి బయలుదేరాం. ఎలా మొదలుపెట్టాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. పిల్లలకు మాటలు నేర్పి జీతం తీసుకునేదాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు. విజయం మన చేతుల్లోనే ఉందట. చేతుల సంగతి సరే, కళ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయి?

పూరీ గేట్ దగ్గర వంతెన ఎక్కేసరికి కింద ఒక రైలు బండి కదలడానికి సిద్ధంగా ఉంది. నా కొడుకు టోటోలోంచి సగం బయటకు వంగాడు. తాత లేకపోయినా ఆ చదువు వాడికి అందింది. వీధిలో డ్రైవర్ల పిల్లలే నేర్పి ఉంటారు.

"మావా, గ్రీన్ పడింది!" అని అరిచాడు.

నిజంగానే అన్నిటికన్నా పైనున్న పచ్చ దీపం వెలుగుతోంది. వాడు తప్పు చెప్పలేదు. నా తమ్ముడు తల తిప్పకుండా, రోడ్డు మీదే చూపు పెట్టి, "ఒప్పేరా నాన్నా, ఒప్పే" అన్నాడు.