చక్కెరనీళ్ళలో నా చూపుడువేలు

చదువుకున్న మనిషి పరువు పోవడానికి పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదు. ఒక్క వేలు చాలు. నా విషయంలో అది కుడిచేతి చూపుడువేలు. కుప్పంలో, పట్టపగలు, ఒక డాక్టరమ్మా, ఒక ముసలమ్మా, ఒక బాలింతా, అప్పుడే పుట్టిన ఒక పసిగుడ్డూ చూస్తుండగా నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మదనపల్లెలో చదువు ముగించి, తల్లీబిడ్డల ఆరోగ్యం మీద జరుగుతున్న ఒక పరిశోధనలో కొత్తగా చేరాను. బిడ్డ పుట్టాక మొదటి గంటలో ఏం జరుగుతుంది, తల్లిపాలు ఎప్పుడు పడతాయి, అంతకుముందే నోట్లో ఇంకేమైనా పోస్తారా అన్నది మా పరిశోధన. కాన్పుల గదిలో ఒక మూల నిలబడి, చూసింది చూసినట్టు రాసుకోవాలి. అంతే నా ఉద్యోగం. మా పెద్ద డాక్టరు వసంత మేడం ట్రైనింగులో మొదటి రోజే తేల్చి చెప్పేశారు.

"మీరు మనుషులు కాదు, గోడలు. గోడ సలహా చెబుతుందా?"

"చెప్పదు మేడం!"

"గోడకు చేతులుంటాయా?"

"ఉండవు మేడం!"

"ఏదైనా తేడాగా కనిపిస్తే నర్సును పిలవండి. అంతకుమించి వేలు పెట్టొద్దు."

అందరికంటే గట్టిగా అరిచింది నేనే. పుంగనూరులో పనిచేసిన కొన్నాళ్ళూ నా అంత మంచి గోడ లేదని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ పేరు నెత్తికెక్కింది. మెళ్ళో కార్డు, ఒంటిమీద తెల్లకోటు వేసుకుంటే అద్దం ముందు నుంచి కదలబుద్ధయ్యేది కాదు. అలా ఉండగా నన్ను కుప్పం పంపారు.

ఆ రోజు కాన్పుల గదిలో పద్మ అనే అమ్మాయికి ఆడబిడ్డ పుట్టింది. తొలికాన్పు. తోడుగా వాళ్ళ అవ్వ మునెమ్మ ఉంది. పద్మ మొగుడు, గ్రానైటు పాలిషింగు పనివాడు, బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నర్సు బిడ్డను తుడిచి, పద్మ పొట్టమీద బోర్లా పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పి, అవతలి మంచం మీద మరొకామె కేకలు పెడుతుంటే అటు పరిగెత్తింది.

నర్సు వీపు తిప్పిందో లేదో, మునెమ్మవ్వ చెంగు చాటు నుంచి చిన్న స్టీలు గిన్నె తీసింది. అందులో చక్కెరనీళ్ళు.

ఈ పక్క ఒక ఆచారముంది. పుట్టిన బిడ్డ నాలుకకు మొట్టమొదట ఎవరు చక్కెరనీళ్ళు రాస్తే, బిడ్డకు వాళ్ళ గుణం వస్తుందంటారు. అందుకని సంబంధం వెతికినంత శ్రద్ధగా మనిషిని వెతుకుతారు.

"అవ్వా, వద్దు," అంది పద్మ నీరసంగా. "ముందు నా పాలే పోవల్ల దానికి. నెలనెలా చెకప్పుకు వచ్చినప్పుడంతా చెప్పినారు గదా, మొదటి ముర్రుపాలు బిడ్డకు శానా మంచిదని."

"నీ పాలు యాడికి పోతాయిమే? తర్వాత తాగుతాదిలే. ముందు గుణం రావల్ల గదా!"

"నా గుణం వస్తే ఏమవుతాది?"

"నీ గుణమొస్తే ఇంగేముంది? తొమ్మిదో క్లాసు తప్పి ఇంట్లో కూసున్నావు. దీన్నన్నా బాగా సదివించుకుందాం."

పద్మ ముఖం చిన్నబోయింది. తొమ్మిది నెలలు మోసి, రాత్రి నుంచి నొప్పులు పడి కన్న పిల్ల అవ్వకు ఎదురు చెప్పలేక, తల తిప్పి నా వైపు చూసింది.

"మేడం, మీరన్నా చెప్పండి."

"నేనేమీ చెప్పకూడదమ్మా. చూడడమొక్కటే నా పని," అన్నాను ఆదర్శవంతమైన గోడలా. నర్సును పిలవొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ ఇప్పుడు అదే అడుగుతున్నాను. అప్పుడు మాత్రం నా చెవులు అవ్వ మాటల మీదే ఉన్నాయి, ఎందుకంటే ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా పరీక్షగా చూడడం మొదలుపెట్టింది.

"మా చిన్నోడు రాస్తానన్న్యాడు. వాడు ఇల్లు విడిసి పోతే తలుపేసేది మర్సిపోతాడు. నర్సమ్మను అడుగుదామంటే ఆయమ్మ గొంతు యినినావా? ఆ గొంతు ఆడబిడ్డకు వద్దు. నువ్వేమో వచ్చినప్పటి నుంచి ఒక్క మాటన్నా ఎక్కువ ఆడలేదు. ఏం సదువుకున్న్యావు మా?"

"ఎమ్మెస్సీ అవ్వా."

"ఇంగిలీసు వస్తాదా?"

"గడగడా వస్తుంది."

"కోపం?"

"అసలు రాదు." (ఈ మాట విన్నాక మా అమ్మ నవ్విన నవ్వుకు పక్కింటివాళ్ళు వచ్చి కిటికీలోంచి చూశారు.)

"పొద్దున ఎప్పుడు లేస్తావు?"

"కోడికంటే ముందే."

"వంట?"

"అన్నీ చేస్తాను." కాఫీ పొడి ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు.

ఇన్నాళ్ళూ గోడలా నిలబడి అలసిపోయిన నేను, నా జన్మలో ఎవరూ ఇంత ఆసక్తిగా నన్ను ప్రశ్నలడగలేదని ఆనందించాను. అవ్వ చివరికి తలాడించి, గిన్నె నా ముందు పెట్టింది.

"నువ్వే రాయి తల్లీ. మా బిడ్డకు నీ అంత నెమ్మదైన గుణం రావల్ల."

నూనెలో పూరీలా పొంగిపోయాను. నా గుణం! కావాలని అడిగి మరీ! సలహా చెప్పకూడదన్న రూలు పద్మకు చెప్పడానికి గుర్తొచ్చింది గానీ, చేతులుండకూడదన్న రూలు నాకు గుర్తు రాలేదు. బిడ్డ నోట్లో తల్లిపాలకంటే ముందు ఏమైనా పోస్తున్నారా అని కనిపెట్టడానికి జీతం తీసుకుంటున్న మనిషిని, చూపుడువేలు చక్కెరనీళ్ళలో ముంచాను.

"మేడం..." అంది పద్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వేలు ఎత్తుకుని వంగాను. గుడ్డ కొద్దిగా పక్కకు తీశాను. అంతవరకూ అల్లరి చేయకుండా పడుకున్న బిడ్డ తల ఎత్తింది.

తల ఎత్తడమంటే మీరు పెద్దగా ఊహించకండి. వణుకుతూ లేచిన తల, ఒక్క క్షణం నిలబడి, అమ్మ ఒంటిమీద మళ్ళీ పడిపోయింది. ఊపిరి తీసుకుంది. తన పిడికిలి తనే నాకింది. ఇంకోసారి లేచింది. ఈసారి కాళ్ళు ముడిచి, పద్మ పొట్టను తన్ని, కాస్త ముందుకు జరిగింది. ఆగింది. మళ్ళీ తన్నింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. అటు నా వేలుంది, ఇటు అమ్మ రొమ్ముంది. నా వేలి వైపు ముఖం కూడా తిప్పలేదు. ఎమ్మెస్సీ వైపు చూడనైనా చూడలేదు.

ట్రైనింగులో దీని వీడియో చూపించారు. అప్పుడు నేను ఫోనులో నా ఫోటోలు చూసుకుంటున్నాను. బిడ్డ తనంతట తానే పాకి రొమ్ము వెతుక్కుంటుందని చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ కళ్ళముందు, నా వేలికి జానెడు దూరంలో, పుట్టి గంట కూడా కాని ప్రాణం తన దారి తను వెతుక్కుంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. దానికి ఆ దారి ఎవరు చెప్పారు? ఇంకా పేరైనా పెట్టలేదే! లోకంలో అందరికంటే కొత్త మనిషి, లోకంలో అందరికంటే పాత పని చేస్తోంది.

"పద్మా, కదలొద్దు," అంది అవ్వ గుసగుసగా. "వస్తాండాది సూడు. దానంతట అదే వస్తాండాది!"

బిడ్డ ఇంకోసారి తన్నింది. రొమ్ము దగ్గరకు చేరి, అటూ ఇటూ తల తిప్పి, నోరు ఇంత చేసి పట్టుకుంది. చప్పరించే శబ్దం వినిపించింది. పద్మ ఏడ్చింది, నవ్వింది, రెండూ ఒకేసారి చేసింది. నేనూ ఏడ్చాను. నా వేలు మాత్రం గాల్లో అలాగే నిలబడి ఉంది. చక్కెరనీళ్ళు మోచేతిదాకా కారుతున్నాయి.

"ఆ వేలేంటి?"

గొంతు గుర్తుపట్టి నీరుగారిపోయాను. చెప్పాపెట్టకుండా మదనపల్లె నుంచి పని చూడడానికి వచ్చిన వసంత మేడం గుమ్మంలో ఉన్నారు.

నేను నోరు తెరిచేలోపే అవ్వ నన్ను కాపాడడానికి పూనుకుంది. ఆ కాపాడడంతోనే మునిగాను.

"ఈయమ్మను ఏమీ అనొద్దు మేడమ్మా. సక్కెరనీళ్ళు రాయమని మేమే అడిగినాం. బలే నెమ్మది. కోపమే రాదంట. కోడికంటే ముందు లేస్తాదంట."

మేడం నన్ను చూశారు. ట్రైనింగుకు పొద్దున నేను ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చానో ఆవిడ ముఖంలో కనిపించింది.

"ఈమెనా?" అన్నారు. "ఇంతకీ బిడ్డ నోట్లో పడ్డాయా?"

"యాడ పడినాయి! మా బిడ్డ ఈయమ్మను మనిసిగా కూడా తలచలేదు. వాళ్ళమ్మ కాడికి పాకిపోయింది." అవ్వ అంతలోనే దిగులుపడింది. "ఇప్పుడు దీనికి ఎవురి గుణం వస్తాదో ఏమో!"

"నాది," అంది పద్మ.

గొంతు పెద్దది చేయలేదు. బిడ్డ వీపు మీద చెయ్యి తీయలేదు.

"నా గుణమే అవ్వా. దానికి అదే కావల్లంట. యింత దూరం పాకి వచ్చి అడిగింది."

అవతలి మంచం దగ్గర నర్సు కూడా తిరిగి చూసింది. అవ్వ మనవరాలి ముఖం, మునిమనవరాలి ముఖం మార్చి మార్చి చూసి, చెంగుతో కళ్ళొత్తుకుంది.

"రానీలేమ్మా," అంది. "నీ గుణానికేం తక్కువ? రాత్రంతా నొప్పులు పడి ఒక్కరిని తిట్టలేదు నువ్వు."

ఆ తర్వాత గిన్నె వైపు చూసి నిట్టూర్చింది. "ఈ సక్కెరనీళ్ళు యాడ పారబోసేది మేడమ్మా?"

"పారబోయొద్దు," అన్నారు వసంత మేడం నా వేలు చూపిస్తూ. "ఈ అమ్మాయి గుణం ఈ అమ్మాయికే ఉండనీ. నాక్కో."

నాకాను. నిలబడి, తెల్లకోటుతో, అందరి ముందూ నాకాను. ఉద్యోగం పోలేదు గానీ, ఆ కాన్పు వివరాలు మాత్రం లెక్కలోకి తీసుకోవద్దని మేడం కొట్టేశారు. గోడ చేతులు చాచిందట, కారణం అదీ.

కాబట్టి పాఠక మహాశయులారా, పద్మ కూతురి సాక్షిగా, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక తల్లికీ బిడ్డకూ మధ్య వేలు పెట్టను, డిగ్రీ పెట్టను, ముఖ్యంగా నా గుణం అసలు పెట్టను. అది ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి నాకి చూశాను.