నడి ఏటి గడ్డ మీద వంట వరుస

1960 ఏప్రిల్‌లో నన్ను జూనియర్ ఇంజనీరుగా కంప్లి సబ్‌డివిజన్‌కు బదిలీ చేశారు. బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరి అప్పటికే కొన్నేళ్ళయింది. కార్యాలయంలో ఉత్తరాలు ఇంగ్లీషులో, బజారులో బేరాలు కన్నడంలో, ఆకలి వేసినప్పటి మాటలు తెలుగులో సాగేవి. మా వంశంలో కళాశాల చదువు ముగించినవాణ్ణి నేనొక్కణ్ణే. అందువల్ల పై అధికారి ఉత్తరువు వస్తే కూర్చుని ఒకసారి, నిలబడి మరొకసారి చదివే అలవాటు ఉండేది.

చేరిన కొద్ది రోజులకే వచ్చిన ఉత్తరువు తుంగభద్ర నడుమనున్న ఒక గడ్డను సర్వే చేయమన్నది. నది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేచోట మిగిలిన దీవిని అక్కడివారు గడ్డ అంటారు. ఏరు ఎంత ఎత్తుకు వస్తే ఆ గడ్డలో ఏ భాగం మునుగుతుందో చూపే మట్టాల పటం తయారుచేయాలి. వానలు పడి ప్రవాహం పెరిగితే గుండ్రని బుట్టలాంటి పుట్టిలో ఏరు దాటడం ప్రమాదం కనుక పని మే నెలలోనే ముగియాలి. సరిగ్గా ఆ నెలలో నాకు మంజూరైన సెలవు ఆ కారణంగానే రద్దయింది.

ఆ సెలవు నాకంటె నా భార్య హంపమ్మకు ముఖ్యం. ఆమె నా మేనమామ కూతురు. పుట్టిన ఊరు ఏటికి దూరంగా నల్లరేగడి మెట్టలో ఉంది. వేసవిలో బావి అడుగంటితే ఆడవాళ్ళు బిందెలతో పొరుగూరికి నడిచేవారు. చిన్ననాటి నుంచి ఆమె నీళ్ళు మోసి, వంట చేసి, కూలికి పోయి, తిరిగి వచ్చి మళ్ళీ వంట చేసింది. రామేశ్వరం ఒక దీవి అనీ, దీవికి నలుదిక్కులా నీరుంటుందనీ నేను చెప్పిన నాటి నుంచి ఆమె ధ్యాసంతా దానిమీదే. పెళ్ళైన మొదటి వేసవికి అక్కడికి తీసుకువెళ్తానని నేను మాట ఇచ్చాను.

సెలవు రద్దయిందని చెప్పినప్పుడు ఆమె కోపగించలేదు.

“రామేశ్వరం ఏమన్నా కానీలే బావా. బిందె ఎత్తుకోని నేను నీళ్ళ కాడికి పోకుండా, నీళ్ళే నా సుట్టూ వచ్చి నిలబడే తావు యాడన్నా ఉండాదా? ఆడ నాలుగు దినాలు ఊరికే కూసోవాల. అంతే నాకు కావాల్సింది.”

అటువంటి చోటికే ప్రభుత్వం నన్ను పంపుతున్నదని నాకు ఆ క్షణంలో తట్టింది. పర్యటనలో ఉన్న ఉద్యోగి స్వంత ఖర్చుతో కుటుంబాన్ని వెంట ఉంచుకోవచ్చు. మా అసిస్టెంట్ ఇంజనీరు దరఖాస్తు చదివి, ఎండలు మండే మే నెలలో భార్యను ఏటి నడుమకు తీసుకుపోయే మనిషిని ఇదే చూడడమని నవ్వి, ప్రభుత్వపు గుడారంలో మాత్రం ఆమె ఉండరాదని షరతు పెట్టి అనుమతించారు. హంపమ్మకు నేను విషయం చెప్పగా ఆమె కూడా ఒక షరతు పెట్టింది. అక్కడా ఇంటి మాదిరే చాకిరీ ఉంటే మరునాడే పుట్టి ఎక్కి పుట్టింటికి పోతుంది. వానలు పడేదాకా తిరిగి రాదు.

శిబిరంలో మేము నలుగురం ఉద్యోగులం. కొలత గొలుసు పట్టే చైన్‌మన్ మౌలాలి అందరిలో పెద్దవాడు. వర్క్ ఇన్‌స్పెక్టర్ వెంకటరత్నం కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి భూములు కొన్న రైతు కుటుంబంలోని వాడు. పుట్టి నడిపే గాదిలింగప్పది కంప్లి. వాళ్ళు మా కోసం జమ్ముతో ఒక పాక కట్టారు. మేము వెంట తీసుకువెళ్ళినవి జొన్నపిండి, బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, వేరుశనగలు, కిరోసిను. తక్కినవి ఏరే ఇచ్చింది. ఇసుకలో తీగలు పెట్టే రైతులు కలంగడి పండ్లు, అంటే పుచ్చకాయలు, చవకగా ఇచ్చేవారు. వాటిని తడి ఇసుకలో పూడ్చిపెడితే మధ్యాహ్నానికి చల్లబడేవి.

మొదటి సాయంత్రమే చిక్కు వచ్చింది. సామాను దింపగానే హంపమ్మ అలవాటు కొద్దీ చీరె చెంగు దోపుకొని పొయ్యి దగ్గరికి నడిచింది. మౌలాలి చేతులు అడ్డం పెట్టాడు.

“ఈ పొద్దు సార్ వరసమ్మా. నువ్వు పొయ్యి ముట్టిస్తే వరసంతా గడబిడ ఐతాది.”

“మగోళ్ళు పొయ్యి కాడ, నేను యాడ?”

“నువ్వు ఆ బండ మీద కూసోని ఏటిని చూడు. దానికి వరస లేదు.”

అతను హాస్యానికే అన్నాడు. హంపమ్మ ముఖం మాత్రం మాడిపోయింది. కూలివాళ్ళ ఇంటి పిల్లగా ఆమె కొన్ని గడపల బయటే నిలబడి పెరిగింది. తన చేతి నీళ్ళు తాగనివారిని ఎరుగును.

“నా చెయ్యి తగిలితే మీ కూడు చెడిపోతాదని సక్కగా చెప్పండప్పా. వరసని ఎందుకు అడ్డం పెట్టుకుంటారు?” అని, గాదిలింగప్ప వైపు తిరిగి, “అప్పా, పొద్దున్నే పుట్టి తియ్యి. నేను పోవాల,” అన్నది.

ఆ పూట నేను వండిన సంగటిని ఎవరూ మెచ్చలేదు. ఆమె తినలేదు.

తెల్లవారేసరికి ఆమె మూటతో పుట్టి పక్కన నిలబడి ఉంది. వంట వరుస ఆనాడు వెంకటరత్నానిది. ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్న అతణ్ణి చూపించి, ఆ వరుస ఎందుకు వచ్చిందో నేను ఆమెకు వివరించాను.

మట్టాలు తీసే పనిలో ఒకరు దుర్భిణి అమర్చిన లెవెల్ యంత్రంలో చూస్తారు. మరొకరు దూరంగా అంకెలు వేసిన పొడవాటి కర్రను నిలబెడతారు. దానిని స్టాఫు అంటాము. స్టాఫు నిటారుగా ఉండాలి. వాలితే అంకె తప్పు వస్తుంది. బయలుదేరిన గుర్తురాయి వద్దకే తిరిగి వచ్చి చదివినప్పుడు రెండు లెక్కలూ కలిస్తే లెవెల్ మూసింది అంటాము. కలవకపోతే పనంతా మళ్ళీ చేయాలి. నేను అంతకుముందు పనిచేసిన శిబిరంలో, తక్కువ జీతగాడు కనుక, స్టాఫు పట్టేవాడే అందరికీ వండేవాడు. అందరికంటె ముందు లేచి, చివర పడుకొని, ఎండలో స్టాఫు పట్టుకొనే కునుకు తీసేవాడు. లెవెల్ ఎన్నిమార్లు తీసినా మూయలేదు. అప్పటినుంచి నా శిబిరాలలో వంట వరుస పెట్టాను. అది పై ఉద్యోగితో మొదలై కిందికి వెళ్తుంది. వరుస ఉన్ననాడు మాత్రమే ఆ మనిషి వండాలి. మిగతా దినాల్లో పొయ్యి వైపు చూడరాదు.

హంపమ్మ అంతా విని మూటను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

“అట్లైతే నా చేతి కూడు తింటారా?”

మౌలాలి అందుకున్నాడు. “యా అల్లా! నిన్న సార్ సంగటి మింగినోళ్ళం, ఏదైనా తింటామమ్మా.”

“మరి నన్ను వరసలో ఎందుకు ఎయ్యలేదు? వరసలో లేనోళ్ళు సుట్టాలు. నేను సుట్టం కాదు.”

“నువ్వు సర్కారు మనిషివి కావు గదా,” అన్నాడు గాదిలింగప్ప.

“సర్కారు ఈడ ఉల్లిపాయలు తరుగుతాండాదా? ఏటినడిగితే ఎవురు సర్కారో చెప్తాదా?”

వెంకటరత్నం కళ్ళు తుడుచుకుంటూ, “చెల్లెమ్మగారి మాట న్యాయంగానే ఉందండీ. నా వరుస ఇప్పుడే ఆవిడకి రాసేద్దామా?” అన్నాడు.

“ఆ ఆశ పెట్టుకోవద్దప్పా. కొత్తగా చేరినోళ్ళు కడాకు,” అని హంపమ్మ మూటను పాకలో పెట్టి వచ్చింది. ఆ విధంగా ఆమె వరుస గాదిలింగప్ప తరువాతిదయింది.

ఆమె సెలవు ఆ ఉదయం మొదలైంది. ఎండ ముదిరితే నేల మీది గాలి అలలుగా కదిలి, స్టాఫు మీది అంకెలు దుర్భిణిలో వణుకుతాయి. కనుక మట్టాలను ఉదయమూ సాయంత్రమూ మాత్రమే తీయాలి. మధ్యాహ్నమంతా ఏటిదే. బండల చాటున మోకాలి లోతు నీటిలో హంపమ్మ కూర్చొని, నీళ్ళు తనను దాటి పోవడాన్ని చూసేది. గాదిలింగప్ప ఎండిన సొరకాయ బుర్రలను తాడుతో కట్టి ఇచ్చాడు. వాటిని నడుముకు చుట్టుకొని ఆమె తేలడం నేర్చుకుంది. మొదట నా చెయ్యి వదలలేదు. తరువాత నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఎదుటి బండ మీదికి నీటికుక్కలు పిల్లలతో వచ్చి చేపలు తింటూ మమ్మల్ని చూసేవి.

“వాటికీ వరస ఉండాదేమో సూడు బావా. తల్లి ఊరికే కూసోని తింటాంది,” అనేది.

కలంగడి పండును బండకేసి కొట్టి, చేతులతో తిని, ముఖం ఏట్లోనే ముంచి కడుక్కునేది. ఎవరి వంట ఎలా ఉన్నా గట్టిగా విమర్శించేది. మౌలాలి చేసిన పలావుకు మాత్రం నోరు మెదపలేదు.

చివరికి ఆమె వరుస వచ్చింది. గాదిలింగప్ప వలలో చేపలు పడ్డాయి. చింతపండు పులుసు, చేతితో తట్టిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి, అంటే వేరుశనగల పచ్చడి, చేసింది. నేను నీళ్ళు ముంచి తెచ్చాను. ఆకులు పరచి నలుగురం ఒకే వరుసలో కూర్చున్నాము. మొదటి ముద్ద ఎవరు ఎత్తుతారా అని ఆమె నిలబడి చూస్తున్నదని నాకు తెలుసు. ముందుగా తిన్నవాడు వెంకటరత్నం. రెండో రొట్టెకు చెయ్యి చాచి, “మా నాన్న ఇప్పుడు గనక ఈ గడ్డ మీదికి వస్తే, నన్ను ఏట్లో ముంచుతాడండీ,” అన్నాడు.

“ముంచనీలేప్పా. సొరకాయ బుర్రలు ఉండాయి,” అని హంపమ్మ మూడో రొట్టె కూడా వేసింది. మౌలాలికి నవ్వుతో పొలమారింది.

పని ముగిసి మేము గుర్తురాయి వద్దకు తిరిగి వచ్చి చదివినప్పుడు లెవెల్ అనుమతించిన హద్దులోనే మూసింది. పుట్టిలో తిరిగి వస్తూ, రామేశ్వరం ఎప్పుడు వెళ్దామని నేను అడిగాను. అక్కడ వంట వరుస ఎవరు పెడతారని ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

పదవీ విరమణ వరకు నేను అనేక శిబిరాలు నడిపాను. విశ్రాంతికి దూరప్రయాణం, పెద్ద ఖర్చు తప్పనిసరి కావని ఆ గడ్డ మీద తెలుసుకున్నాను. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. తన వంతు పని ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన మనిషే తక్కిన రోజులు నిజంగా విశ్రమిస్తాడు. వంతు ఇవ్వకుండా ఎంత మర్యాద చేసినా అతడు పరాయివాడిగానే ఉంటాడు. ఆ తరువాత నా శిబిరాలకు ఎవరి కుటుంబం వచ్చినా, దిగిన రోజే వారికి వరుసలో చోటు చెప్పేవాణ్ణి.