తొమ్మిదో వాక్యం దాకా

భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే దేవ్యా కూతురు లత హైదరాబాద్‌లో ఫ్రెంచ్ డిగ్రీ చేసిందంటే క్వార్టర్ల జనం ఒక పట్టాన నమ్మలేదు. ఇంట్లో లంబాడీ, గడప దాటితే తెలుగు. "మనం మాట్లాడితేనే సినిమావోళ్లు నవ్వుతున్నరు. నువ్వు ఫ్రెంచ్ మాట్లాడితే ఏడుస్తరేమో బిడ్డా!" అని ఆటపట్టించేవారు.

వేసవిలో ఓ అనువాద కంపెనీ ఆమెకు పరీక్ష పెట్టింది. ఇరవై ఇంగ్లీషు వాక్యాల్ని గంటలో ఫ్రెంచ్‌లోకి మార్చాలి. మాటకు మాట దించేసింది. 'తప్పుల్లేవు గానీ ఫ్రెంచ్‌వాళ్లెవరూ ఇలా మాట్లాడరు' అని తిప్పిపంపారు. అక్టోబరులో ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు, అదే చివరిదన్నారు.

అప్పటినుంచి లత వాక్యం చదవగానే కళ్లు మూసుకుని, ఈ మాట ఇంట్లో ఎవరంటారు, ఎట్లా అంటారు అని వెతకడం అలవాటు చేసుకుంది. అది దొరికాకే ఫ్రెంచ్.

అక్టోబరు వచ్చేసరికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బాయి బందయింది. దేవ్యా రోజూ సమ్మె శిబిరంలోనే ఉంటున్నాడు. బొగ్గు లేక ఎప్పుడు పడితే అప్పుడు కరెంటు పోతోంది.

పరీక్షరోజు పదింటికి లత ఓదెలు నడిపే ఇంటర్నెట్ కొట్లో కూర్చుంది.

"పన్నెండు దాక కరెంటుకు ఢోకా లేదు చెల్లె," అన్నాడు ఓదెలు.

"ఒకవేళ పోతే ఇన్వర్టర్ ఉన్నది గదా అన్నా?"

"ఉన్నది. దానికి ఛార్జింగ్ ఎక్కెతందుకు కరెంటు ఏది?"

నాలుగో వాక్యం: 'దయచేసి ఆహారం చల్లబడకముందే తినండి.' లత కళ్లు మూసుకుంది. కంచం ముందు నిలబడ్డ అమ్మ కనిపించింది. అమ్మ దయచేసి అంటుందా ఎక్కడైనా? 'తిను, చల్లారుతది!' అంటుంది లంబాడీలో, అంతే. 'మాంజ్, సా వా రెఫ్ర్వదీర్' అని టైపు కొట్టింది.

ఓదెలు తొంగిచూశాడు. "పది నిమిషాలాయె, ఇంక నాలుగోదేనా? ఏదో ఒకటి గీకిపారెయ్."

"గట్ల గీకినందుకే మొన్న వాపస్ కొట్టిన్రు. జర ఊకో అన్నా."

అయిదు, ఆరు, ఏడు... చేయి పరుగెత్తింది. ఇదే ఊపులో పోతే ఇరవయ్యీ అవుతాయి. తొమ్మిదోది పంపి పదోది చదువుతుండగా తెర నల్లబడింది. టైము పది ఇరవై అయిదు.

కంపెనీకి ఫోన్ చేసింది. పరీక్ష ఒకసారే తెరుచుకుంటుందన్నారు. పన్నెండయినా కరెంటు రాలేదు.

మూడోరోజు కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. రాసిన తొమ్మిదీ చక్కటి ఫ్రెంచ్‌లో ఉన్నాయట. ఇరవయ్యీ లేవు కనుక తీసుకోలేరట.

లత శిబిరానికి వెళ్లి తండ్రికి చెప్పింది.

"మల్ల పెట్టుమనరాదు?"

"పెట్టరు బాపు."

"బొగ్గు మేమే ఆపితిమి. గందుకేనా బిడ్డా?"

"కాదు. నేనే నిదానంగ రాసిన."

ఆయన నమ్మలేదని ఆమెకు తెలిసింది. అప్పుడే శిబిరంలో నినాదం లేచింది. అందరి చేతులూ పైకి లేచాయి. దేవ్యా చేయి సగం లేచి, మోకాలి మీదకు దిగింది. మర్నాడు పొద్దున మళ్లీ శిబిరానికే వెళ్లాడు. లత గుమ్మంలోంచి చూసింది గానీ వెనక్కి పిలవలేదు.