నాయన నవ్విన ఫోటో

మా చిన్నప్పుడు కదిరిలో ఆదివారం పొద్దున ఒక చాప పరిచేవాళ్లు... మా మామ ఫోటో స్టూడియోలో, పెళ్లికూతుళ్లను నిలబెట్టే తెర ముందర. ఊర్లో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లంతా వచ్చి, ఆ వారం కడిగించిన ఫోటోలు దాని మీద పెట్టేవాళ్లు. కాలేజీ లెక్చరరు, మందుల షాపాయన, ధర్మవరం నుంచి బస్సెక్కి వచ్చే మగ్గం నేసే అన్న... వాళ్ల మధ్య ఎనిమిదో తరగతి చదివే నేను!

ఆ చాపకు ఒక కట్టుబాటు ఉండేది. ఫోటో ఎవరిదో చెప్పకూడదు. అందరూ తప్పులు ఎంచుతుంటే, తీసినవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి. నోరు తెరిస్తే ఫోటో వెనక్కి తీసుకోవాల్సిందే. మొహమాటం లేకుండా నేర్చుకోవాలంటే అదే దారి అనేవాడు ప్రభాకర్ సారు. లెక్చరరు ఆయనే. పెద్ద కెమెరా ఆయనదే, చివరి మాటా ఆయనదే.

నాకు మామ ఇచ్చిన పాత కెమెరా ఉండేది. తనకల్లు దగ్గర మా చేనికి దాన్ని మెడలో వేసుకునే పోయేదాన్ని. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చెనిక్కాయకు, అదే వేరుశనగకు, ఊడలు సరిగా దిగలేదు. నాయన ఒక చెట్టు పీకి చూశాడు... వేళ్లకు రెండు కాయలు, అవీ లొట్టవి. దాన్ని పైకెత్తి పట్టుకుని పకపకా నవ్వాడు.

"తీసుకో పాపా ఫోటో. ఈ పంట నీ కెమెరాకైనా పనికొస్తాది."

నొక్కాను. మా నాయన అంతే... ఏడవాల్సిన చోట నవ్వుతాడు. అమ్మ తిట్టేది కూడా. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే, ఏం కాదులే అని ధైర్యంగా ఉండేది.

ఆ ఫోటోనే చాప మీద పెట్టాను. ఆకాశం ఎక్కువైందన్నారు. చేయి బాగా పడిందన్నారు. చివరికి సారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"పంట పోయినోడు యాడన్నా నవ్వుతాడేమప్పా? ఎవరు నమ్ముతారు దీన్ని? ఈ నవ్వే చెడగొట్టింది."

అందరూ అవునన్నారు. ఆయన మా నాయన సార్, నిజంగానే నవ్వినాడు సార్... అని గొంతుదాకా వచ్చింది. కట్టుబాటు కదా. మింగేశాను.

తర్వాత మామ చెప్పినట్టున్నాడు అది నేను తీసిందని. సారుకు నా మీద జాలి కలిగింది. "వచ్చే వారం మేమే మీ చేనుకాడికి వస్తాంలే. ఎట్ల తీయల్లో చూపిస్తా" అన్నాడు. ఎగిరి గంతేశాను.

వాళ్లొస్తున్నారని అమ్మ ఉగ్గాని, బజ్జీలు చేసింది. నాయన పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు. సారు కడుపునిండా తిని, చేతులు కడుక్కుని, మొట్టమొదట అన్న మాట... "ఆ చొక్కా తీసేయన్నా."

నాయన తీశాడు. బీటలు పడిన నేల చూపించి కూర్చోమంటే కూర్చున్నాడు. నెత్తి మీద చేయి పెట్టుకోమంటే మాత్రం ఆగాడు.

"నెత్తిన చేయి మా ఇండ్లలో పెట్టుకోం సార్. మంచిది కాదు."

నిజమే. చిన్నప్పుడు నేను ఊరికే అట్లా కూర్చున్నా, అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది... ఇంటికి కీడు పిలుస్తావా అని.

"ఫోటోకే కదన్నా! పాప కూడా చూసి నేర్చుకుంటుంది."

నాయన నా వైపు చూశాడు. "సరేలే... పాపకు నేర్పించే సారు" అని చేయి నెత్తిన పెట్టుకున్నాడు. అమ్మ మొహం తిప్పుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

సారు తీసిన ఆ ఫోటోకు ఎక్కడో పెద్ద పట్నంలో బహుమతి వచ్చింది. పేపర్లో పడింది. కదిరిలో చాప మీద పెడితే, ఒక్కరంటే ఒక్కరు కూడా తప్పు చూపించలేదు. చప్పట్లు కొట్టారు. మా ఊరి టీ కొట్టులో మాత్రం పేపరు ముక్క గోడకు అతికించారు. "ఏమప్పా, కూలిపోయినట్ల కూర్చున్నావే!" అన్నారంట ఎవరో. ఎప్పుడూ నవ్వే మా నాయన టీ తాగకుండానే వచ్చేశాడు. మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు. ఎవరు కెమెరా ఎత్తినా లేచి పక్కకు పోవడం కూడా అప్పుడే మొదలైంది... నేను ఎత్తినా సరే.

నేను కూడా ఆ చాప దగ్గరికి పోలేదు. కెమెరాలో సగం రీలు అట్లాగే ఉండిపోయింది.

ఇన్నేళ్లయినా ఆ ఫోటో మమ్మల్ని వదల్లేదు. వాన రాని ప్రతి ఏడూ ఎవరో ఒకరు దాన్ని గ్రూపుల్లో పెడతారు. మొన్న అయితే ఒక ఫోటోగ్రఫీ గ్రూపులో, దండం పెట్టే బొమ్మలతో... "ఉరితాడుకు బలైన రైతన్నకు కన్నీటి నివాళి" అని. కింద వందలమంది... అద్భుతం, గుండె పిండేశారు, లైటింగ్ సూపర్!

మా నాయన బతికే ఉన్నాడండీ. ఇది రాస్తుంటే పక్క గదిలో సంగటి తింటున్నాడు.

ఎవరో ఆయనకు ఆ పోస్టు చూపించనే చూపించారు. అది చూసి ఫోను నా చేతికిచ్చాడు.

"నన్ను సంపేసినారే పాపా... ఆ పొద్దు నవ్విండేది ఉండాదా? అది పెట్టు."

అమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున దొరికింది. అంచులు పసుపు రంగుకు తిరిగాయి. నవ్వు అట్లాగే ఉంది.

ఇప్పుడు ఫోటో పెట్టడానికి చాప అక్కర్లేదు, కదిరి దాకా బస్సూ అక్కర్లేదు. ఇదిగో, పెడుతున్నాను. ఆకాశం ఎక్కువైందంటారా, అనండి. ఇట్లాంటి ఫోటో మీ ఇంట్లో ఉంటే మీరూ పెట్టండి, చూస్తాను. కానీ ఆ నవ్వును మాత్రం ఎవరైనా తప్పుపడితే... ఈసారి నోరు మూసుకుని కూర్చోను.