గాడిదమెడ వంపులో యాగోద వాకిలి

యాగోదను కుర్చీలో కూర్చోబెట్టగలిగిన మనిషి వ్రానోవ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పెళ్ళిభోజనమైనా నిలబడే తింటుంది. ఊలు మేజోళ్ళు ఇంటికీ గేటుకీ మధ్య తిరుగుతూనే అల్లుతుంది. అందుకే ఒక మేజోడు రెండోదానికంటే జానెడు పొడుగొస్తుంది. ఆమె మొగుడు స్త్రాహిల్ నోరెత్తకుండా వాటినే తొడుక్కుంటాడు.

తప్పు ఆమెది కాదు, ఇల్లున్న చోటుది. కింద నుంచి వచ్చే రోడ్డు ఊరి మొదట్లో గాడిద మెడ తిప్పినట్టు ఒక్కసారిగా తిరుగుతుంది. ఆ వంపుకి ఒక పక్క యాగోద గేటు, ఇంకో పక్క లోయ. దిగేవాళ్ళు జారితే ఆమె వాకిట్లోకొస్తారు. ఎక్కేవాళ్ళు వెనక్కి జారితే లోయలోకి పోతారు. వాకిట్లోకొచ్చినవాళ్ళ కథలు బోలెడున్నాయి. లోయలోకి పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పుకున్నది లేదు.

కొత్త కోడలిగా ఆమె ఈ ఇంటికొచ్చిన మొదటి చలికాలంలోనే దుంగల లారీ ఒకటి వంటింటి గోడ పగలగొట్టుకుని పొయ్యి పక్కన ఆగింది. డ్రైవరు స్టీరింగు వదలకుండానే కుండ వైపు చూసి, "చిక్కుళ్ళు ఉడికాయామ్మా?" అని అడిగాడట. తరవాత పశువుల డాక్టరు జీపొచ్చింది, తేనెపెట్టెల బండొచ్చింది. ఓ ఏడాది పెళ్ళికారు సరాసరి కోళ్ళగూడెక్కి కూర్చుంది. పెళ్ళికూతురు దిగే దారిలేక అక్కడే కాఫీ తాగింది. ఆ సంవత్సరమంతా యాగోద కోళ్ళు పెట్టిన గుడ్లకి చుట్టూ జరీ అంచుండేదని ఊరంతా ఒట్టేసి చెప్తుంది. నమ్మకపోతే వచ్చి కోళ్ళనడగండి.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. యాగోద మాత్రం ఇంజన్ చప్పుడు వింటే చాలు, చేతిలో ఏముంటే దానితో పరిగెత్తేది. గరిటె ఊపి లారీలాపింది. ఓసారి సగం ఈకలు పీకిన కోడిని ఊపితే, ఎదురొచ్చిన పోలీసువాడు తరవాత మూడు రోజులు మాంసం ముట్టలేదు. స్త్రాహిల్ నడిపేది ఊరి చిన్నబస్సు. అతను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆమె వంపులో ఉండాల్సిందే. మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు చుట్టడం పట్నంవాళ్ళ పిరికితనమని అతని అభిప్రాయం. "నా బస్సుకి దారి తెలుసే," అనేవాడు. "దారికి నీ బస్సు తెలియాలిగా," అనేది ఆమె.

మంచుకట్టి జారే ఆ వంపుకి మందు ఊరి పొయ్యిల బూడిదే. చలికాలం పొడుగునా ప్రతి ఇంటివాళ్ళూ పొద్దున్నే బకెట్టు తెచ్చి గుమ్మరించి పోతారు. కానీ క్రిస్మస్ నుంచి జనవరి మొదట్లో వచ్చే యోర్దాన్ పండుగ దాకా మురికి రోజులు. ఆ రోజుల్లో బూడిద గేటు దాటకూడదు. దాటితే ఇంటి అదృష్టం, గొర్రెల పాలు, మగవాళ్ళ ఆయుష్షు దాని వెంటే పోతాయి. అందుకని బూడిదంతా తొట్లలో, పాత పాలడబ్బాల్లో పోగుపడుతుంది. రోడ్డు మాత్రం బోడిగా పడుంటుంది.

ఆ ఏడు క్రిస్మస్ మూడోనాడు తెల్లారేసరికి వాన. పండక్కి ఇంటికి రాలేకపోయినవాళ్ళని తెస్తానని స్త్రాహిల్ తడిమంచులోనే పట్నం వెళ్ళాడు. పొద్దెక్కాక ఉత్తరపు గాలి తిరిగింది. మధ్యాహ్నానికి రోడ్డంతా అద్దం. యాగోద వంపులో ఒక అడుగు వేసి, రెండో అడుగు కూర్చుని వేసింది. ఆమె కూర్చోగా ఊరు చూసింది అదే మొదటిసారి.

లేచి ఇంట్లోకి పరిగెత్తి ఫోన్ చేసింది. తలుపు వెనక వేలాడుతున్న స్త్రాహిల్ పాత కోటు జేబులో ఫోన్ మోగింది.

బస్టాండుకి చేస్తే, "బయల్దేరాడమ్మా, బస్సు నిండా జనం," అన్నారు.

మంచు మీద చల్లడానికని వంపు పక్కన మునిసిపాలిటీ పెట్టిన ఇసుకపెట్టె మూత తెరిచింది. అడుగున చీపురొకటుంది. పక్కింటి మిహల్ గేటు దగ్గర నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

"మిహల్, ఇసుకేదిరా?"

"ఏ ఇసుకక్కా?"

"నీ పందులదొడ్డి గోడలకి మెత్తిన ఇసుక."

"అప్పుడు మంచు లేదుగా అక్కా, ఊరికే పడుంది కదాని..."

"పందులు సుఖంగా ఉన్నాయా?"

"దేవుడి దయవల్ల."

"వాటికి చెప్పు, లోయలో పడ్డవాళ్ళని అవే మోసుకురావాలి. ఉప్పుందా ఇంట్లో?"

"ఉన్నదంతా క్యాబేజీ ఊరబెట్టిన పీపాలోకి పోయింది. కావాలంటే క్యాబేజీ పరుద్దాం."

మిహల్ సిగ్గుపడి గడ్డపార తెచ్చాడు. మంచు మీద కొడితే గడ్డపార ఎగిరి అతని టోపీ పడగొట్టింది. ఈలోగా జనం పోగయ్యారు. అందరి ఇళ్ళలోనూ బూడిద ఉంది. అందరికీ అదే తోచింది. నోరు మాత్రం ఎవరూ తెరవలేదు, ఎందుకంటే కెరాన అవ్వ వచ్చింది. కెరాన అవ్వ వయసు ఎవరికీ తెలీదు. కొండ తనకంటే చిన్నదని ఆమే చెప్పుకునేది.

"ఆ ఆలోచన మానుకోండి," అంది అవ్వ, ఎవరూ ఏమీ అనకముందే. "ఈ మిహల్ గాడి తాత మురికి రోజుల్లో బూడిద పారబోశాడు. పొట్టేలుకి కొమ్ములు లోపలికి మొలిచాయి."

"తాతకి ఏమైందవ్వా?" అన్నాడు మిహల్.

"ఏమవుతుంది? మీ నాయన్ని కన్నాడు. దానికంటే ఏం కావాలి?"

అందరూ నవ్వారు. యాగోద నవ్వలేదు. ఆమెకీ ఆ నమ్మకం ఉంది, అదే చిక్కు. బూడిద పొయ్యకపోతే స్త్రాహిల్ బస్సు లోయలోకి జారుతుంది. పోస్తే ఆ ఇంటి మగవాడి ఆయుష్షు బూడిద వెంట పోతుంది. ఆ ఇంట్లో మగవాడంటే స్త్రాహిల్ ఒక్కడే. వాకిట్లో బకెట్టు పట్టుకుని గేటు దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. బకెట్టు కింద పెట్టి గేటు వైపు చూసింది. ఎంతసేపు చూసిందంటే, చూసేవాళ్ళకి గేటుకే మొహమాటం వేసినట్టనిపించింది.

తరవాత గేటు కింద భుజం పెట్టి ఒక్క ఎత్తు ఎత్తింది. బందుల నుంచి గేటు ఊడొచ్చింది. దాన్ని వీపు మీద వేసుకుని, లోయ అంచునే పాకినట్టు నడిచి, వంపు కింది కొసన మంచుగుట్టలో నాటింది.

"ఏమే, మతిపోయిందా?" అని అరిచింది అవ్వ.

"గేటు జరుపుకున్నానవ్వా. ఇక్కడిదాకా నా వాకిలే. నా వాకిట్లో నా బూడిద నేను పోసుకుంటా. గేటు దాటిందా?"

కెరాన అవ్వ కర్ర తీసుకుని కదిలింది. చెట్టూ కొమ్మా పట్టుకుని వెళ్ళి గేటుని కర్రతో తట్టింది. చుట్టూ తిరిగి చూసింది.

"గడియ పడదే దీనికి."

యాగోద తలగుడ్డ విప్పి గేటుని పక్కనున్న మొక్కకి కట్టింది. అవ్వ ముడి లాగి చూసింది. పక్కకి తప్పుకుంది.

యాగోద పోసిన బూడిద వంపులో పావువంతుకి కూడా రాలేదు. ఇంకొకరు సాయం రావాలి. కానీ ఒకరి బూడిద ఇంకొకరి వాకిట్లో పడినా తప్పే. అప్పుడు మిహల్ పెళ్ళాం త్సోన నడుం మీద చెయ్యేసుకుని, "బాగుందమ్మా! వంపంతా నీ వాకిలైపోతే రేపు మేమెక్కణ్ణుంచి నడవాలి?" అంది.

అంతే. సాయం చెయ్యమని బతిమాలితే ఎంతమంది కదిలేవాళ్ళో తెలీదుగానీ, నేల పోతుందనేసరికి ఊరు ఊరంతా గేట్లు ఊడబెరికింది. చెక్క గేట్లు, ఇనప గేట్లు, ఒకాయనైతే గేటు లేక బీరువా తలుపు తెచ్చాడు. రోడ్డుకి రెండు పక్కలా గేట్లు లేచాయి, ఎవరి ముక్కలో వాళ్ళు బూడిద పోసుకుంటున్నారు. పొయ్యడం కంటే కొట్లాట ఎక్కువ.

"నీ గేటు నా వాకిట్లోకి మూరెడొచ్చింది!"

"పొద్దున్న లేని వాకిలి నీకెక్కడిదిరా?"

కింద ప్రార్థనాగుడి దగ్గర బస్సు హారన్ మోగింది.

వంపు నడిమధ్యలో, మలుపు అతి నిటారుగా ఉన్న చోట, మంచం వెడల్పున ఒక పట్టీ ఇంకా నల్లగా మెరుస్తూనే ఉంది. అటుపక్క త్సోన గేటు, ఇటుపక్క కెరాన అవ్వ గేటు; చివరికి ఆమె కూడా తనది మోయించుకొచ్చింది. హద్దు తేలక ఇద్దరూ అక్కడ పొయ్యలేదు.

"పొయ్యండి!" అని యాగోద కేక పెట్టింది. ఆమె బకెట్టు ఎప్పుడో ఖాళీ.

"అది వాళ్ళది," అంది త్సోన.

"నాది కాదు, నాదైతే పొయ్యనా?" అంది అవ్వ.

బస్సు వచ్చేసింది. గేట్లు చూసి, గొర్రెల మందని దాటిస్తున్నారనుకుని స్త్రాహిల్ కాలు బ్రేకు మీదికి తెచ్చాడు.

"ఆపకు! ఆపావా చంపేస్తా!" అని యాగోద రెండు చేతులూ ఊపింది. ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆ గొంతుకి అతను ఎదురు చెప్పింది లేదు. కాలు తీసేశాడు. బూడిద మీద చక్రాలు కరకరలాడుతూ పైకొచ్చాయి. ముందు చక్రాలు నల్లపట్టీ దాటాయి. వెనక చక్రాలు దాని మీదికొచ్చి అక్కడే గిర్రున తిరగడం మొదలెట్టాయి. బస్సు తోక నిదానంగా లోయ వైపు పక్కకి జరిగింది. కిటికీల్లో మొహాలన్నీ ఒకేసారి ఇటుపక్కకొచ్చాయి. యాగోద బస్సు వైపు పరిగెత్తింది. ఒక మనిషి బస్సుని పట్టుకోలేదని ఆమెకి తెలుసు, అయినా వెళ్ళి వెనక రేకుకి వీపానించింది. బూట్లు లోయ వైపు జారుతున్నాయి.

అప్పుడు కెరాన అవ్వ తన గేటు దాటింది. చేతిలో ఉన్న తొట్టి ఎత్తి, త్సోన వైపుకి, తన వైపుకి, ఎవరిదీ కాని ఆ పట్టీ మీదికి, యాగోద నెత్తి మీదికి, మొత్తం ఒక్క ఊపున గుమ్మరించింది. వెనక చక్రం బూడిద కరిచింది. బస్సు ఒక్క గెంతు గెంతి వంపెక్కేసింది. యాగోద వెనక్కి పడింది, రోడ్డు మీదే.



"చెయ్యి జారింది," అంది కెరాన అవ్వ తొట్టిలోకి చూస్తూ. "ముసలి చేతులు."

 ఆమె తొట్టి పట్టుకుని, గేటు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

స్త్రాహిల్ పైన బస్సాపి వచ్చాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు. పెళ్ళాన్ని చూసి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు, ఎందుకంటే ఆమె కనురెప్పల దాకా బూడిదే. యాగోద అతని గుండెల మీద రెండు గుద్దులు గుద్ది, అక్కడే తల ఆనించింది. తరవాత, "దిగిన జనాన్ని వంపులో నిలబడొద్దని చెప్పు, పో," అని తోసేసింది.

బస్సులో వచ్చినవాళ్ళ కోసం ఇళ్ళలో వైను పీపాలు తెరిచారు, నవ్వులు వినిపిస్తున్నాయి. స్త్రాహిల్ అప్పుడే కథని పెంచుతున్నాడు: రెండు చక్రాలు గాల్లో ఉన్నాయట, లోయలోని చేపలు అతనికి చెయ్యూపాయట. యాగోద అతనికి పళ్ళెం పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఊళ్ళో అందరి బూడిదా వాళ్ళ వాళ్ళ గేట్ల లోపలే ఉంది. ఒక్క ముసలిదాని అదృష్టం మాత్రం ఎవరిదీ కాని రోడ్డు మీద పడుంది, బస్సు చక్రాల కింద. ఆ ఇంట్లో మగవాళ్ళూ లేరు, గొర్రెలూ లేవు. ఉన్నదల్లా ఆమె ఒక్కతే.

వెలుగుండగానే యాగోద పొయ్యి ముందు వంగి, మట్టికుండ నిండా వెచ్చటి బూడిద తీసింది. మూత పెట్టి గుడ్డ చుట్టింది. గేటులేని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. స్త్రాహిల్ నవ్వు లోపల్నుంచి వినిపించింది. దాటేసింది.

కెరాన అవ్వ పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏంటే అది?"

"చిక్కుళ్ళు, అవ్వా."

అవ్వ మూత తీసింది. లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, మురికి రోజుల్లో, ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఇవ్వని వస్తువు అది.

"ఇంత మాడబెట్టావేంటే?"

"పండగ హడావిడిలో చూసుకోలేదు."

"మీ ఇంటాయన తిన్నాడా?"

"కడుపునిండా. ఆయనకి పోగా మిగిలిందే తెచ్చా."

అవ్వ కుండ ఎత్తి పొయ్యిలోకి వంచి, రెండు చేతులతోనూ మెల్లగా సర్దింది. "కూర్చో కాసేపు," అంది.

యాగోద బల్ల అంచు మీద కూర్చుంది. నిజంగానే కూర్చుంది, సాక్ష్యం కెరాన అవ్వే. అంతలో కింద ఎక్కడో ఇంజన్ చప్పుడు వినిపించింది. అవ్వ తలుపు వైపు తిరిగేసరికి బల్ల ఖాళీ.