మా బావ చేతిలో అమ్మవారు

ఇది రాయకూడదనే అనుకున్నాను. పోయినవాళ్ళని కాగితం మీద పెడితే అందరూ దేవుళ్ళైపోతారు. మా బావకి అది గిట్టదు. తన చేతిలో దేవుడు లేడని చెప్పుకోవడానికే ఆయనకి సగం ఓపిక ఖర్చయింది. అయితే మొన్న మంగళవారం పొద్దున్న ఆయన గుండె ఆగి పోయాడు. పలకరింపుకొచ్చిన ఒకాయన శవం పక్కనే కూచుని, "తలకాయలో తీగెలెట్టించుకున్నాడు. అమ్మకి కోపమొచ్చినాది" అన్నాడు. ఇంక రాయక తప్పలేదు.

బావంటే మా అప్ప మొగుడు; మా వైపు అక్కని అప్ప అంటాం. బారువకి ఇవతల, కొబ్బరితోటల మధ్య ఊళ్ళో అమ్మవారి గుడి పూజారి. రైతు కుటుంబమే, తాతల నాటి నుంచీ ఆ గుడి వాళ్ళది. ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైనప్పుడు మేం కిడ్నీ అనుకుని హడలిపోయాం. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో కాలు బెణికినా ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. ఊరివాళ్ళు మాత్రం ఇంకోటి అనుకున్నారు. హారతిపళ్ళెం పట్టుకోగానే చెయ్యి గజగజలాడేది, మంట చిందులేసేది. అమ్మ పూనిందన్నారు. అంతే, మంగళవారం వస్తే టెక్కలి నుంచీ కోటబొమ్మాళి నుంచీ ఆటోలు కట్టుకుని జనం.

"అమ్మ కాదర్రా, నరం" అనేవాడు బావ.

"అమ్మ అలగే పలికిత్తాది బాబూ" అని కాళ్ళకి దండం పెట్టేవారు.

నిజం చెప్పి అంత పలుకుబడి సంపాదించినవాణ్ణి నేను మరొకణ్ణి చూళ్ళేదు.

మా అప్ప పెళ్ళికి ముందు పలాసలో జీడిపప్పు ఒలిచేది. ఆ పని సంగతి ఒక ముక్క చెప్పనివ్వండి. జీడిపిక్క కొడితే కారే జీడిరసం వేళ్ళని నల్లగా కాల్చేస్తుంది. అదే వేళ్ళతో పప్పు విరక్కుండా పైపొర గీకాలి. విరిగితే అది బద్ద, దాని ముఖం ఎవరూ చూడరు. గట్టిగా పట్టుకున్నా పనికిరాదు, వదులుగా పట్టుకున్నా పనికిరాదు. బావ మణికట్టుని అప్ప అలాగే పట్టుకునేది, హారతి వేళ కిందనుంచి, జనానికి కనపడకుండా కొంగు కప్పి. అన్నం కూడా ఆవిడే తినిపించేది. ఓ మంగళవారం కొంగు తొలగి, మండుతున్న కర్పూరం జారి ఆవిడ చేతి మీద పడింది. ఆవిడ పట్టు వదల్లేదు. "అమ్మ ముద్రేసినాది!" అని కేకలేశారు జనం.

ఆ సాయంత్రం కట్టు కట్టిన ఆ చేతికేసి చూస్తూ బావ నాతో, "ఒరే, అమ్మే నా సేతిలో ఉంటే దాని సెయ్యెందుకు కాలుత్తాదిరా?" అన్నాడు. మర్నాడు విశాఖకి టిక్కెట్లు తియ్యమన్నాడు.

అక్కడ ఆస్పత్రిలో తలలోకి సన్నటి తీగెలు దింపారు. ఛాతీ మీద చర్మం కింద బ్యాటరీ పెట్టె పెట్టి, చెవి వెనక నుంచి రెంటినీ కలిపారు. కరెంటు కొద్దికొద్దిగా పోతూ ఉంటే వణుకు అణుగుతుంది. తీగెలు దింపేటప్పుడు మనిషిని మెలకువగానే ఉంచారట. "కొబ్బరికాయకి మల్లే కన్నమెట్టార్రా. నీల్లు తాగనేదు, అదే పదివేలు" అనేవాడు. చెయ్యి కదపమని డాక్టరంటే హారతి తిప్పినట్టు తిప్పాడట. తిప్పుతూ ఉండగానే వణుకు నిలిచిపోయిందట. ఇది చెప్పేటప్పుడు మాత్రం వేళాకోళం ఉండేది కాదు.

ఇంటికొచ్చి పప్పన్నం తనే కలుపుకున్నాడు. మొదటి ముద్ద మా అప్ప నోటికి అందించాడు.

"నానేటి సిన్నపిల్లనా?" అని కసిరింది. తింది.

గుడి దగ్గర ఆటోలు తగ్గిపోయాయి. బ్యాటరీని ఆపడానికీ నడపడానికీ బావ దగ్గర ఓ చిన్న రిమోట్ ఉందని ఊళ్ళో తెలిసింది. జాతర ముందు పెద్దలొచ్చారు.

"ఒక్క పూట ఆపీ పూజారీ. అమ్మొచ్చి ఎల్లిపోతాది."

"ఆపకపోతే?"

"ఇంకో పూజారిని సూసుకోవాల మరి."

బావ సరేనన్నాడు. మా అప్ప ఆయనతో మాటలు మానేసింది.

జాతర నాడు గుడి గుమ్మంలో నిలబడి, అందరూ చూస్తుండగా రిమోట్ ఛాతీకి ఆనించి మీట నొక్కాడు. కాసేపటికి చెయ్యి వణికింది, భుజం వణికింది, గడ్డం వణికింది. డప్పులు జోరెత్తాయి. ఆడవాళ్ళు పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోశారు. అప్పుడు ఎడంచేత్తో మళ్ళీ నొక్కాడు. చెయ్యి నిలబడింది. డప్పులూ నిలబడ్డాయి.

"సూశారా? నాను నొక్కితే వచ్చి, నొక్కితే ఎల్లిపోతాదేటి అమ్మ? నానంటే నా పెల్లానికే అంత భయం నేదు!"

జనం గొల్లున నవ్వారు. ముందున్న ఓ ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ మీట సేయించిందెవులో మరి" అంది.

బావ ఆవిడకి రెండు చేతులూ జోడించాడు. "ఆ మాట ఒప్పుకుంటానమ్మా."

అడిగిన పూట ఆపాడు కాబట్టి గుడి ఆయనకే ఉండిపోయింది. ఆటోలు మాత్రం తిరిగి రాలేదు. "ఇప్పుడొచ్చినోలే అమ్మకోసం వచ్చినోలు" అని ఆ కొద్దిమందికీ నిదానంగా, కుదురుగా హారతి ఇచ్చేవాడు. పక్కన మా అప్ప, ఖాళీగా ఉన్న చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడేది. ఆ తీగెలు ఆయన్ని చంపలేదు. ఆయన అన్నం ఆయన చేత తినిపించాయి. నాకు తెలిసింది అంతే.

దహనానికి ముందు ఛాతీలో పెట్టె తీసెయ్యాలని, లేకపోతే మంటలో పేలుతుందని ఆస్పత్రివాళ్ళు ఫోన్లో చెప్పారు. తీసేముందు దాన్ని ఆపమన్నారు. పలాస నుంచి ఓ డాక్టరు వచ్చాడు. మా అప్ప రిమోట్ తెచ్చి, ఆయన ఛాతీకి ఆనించి, మీట నొక్కింది. తర్వాత ఆయన కుడిచేతి వంక కాసేపు చూసింది. అది కదల్లేదు. డాక్టరుకి చోటిచ్చి లేచింది.