బంతితోటలో దిగిన ఫోటో

హాలెండ్ వెళ్లి తులిప్ తోటలు చూసి వచ్చాను గానీ, నా మనసులో నిలిచిపోయింది మాత్రం శంకర్‌పల్లి దాటాక ఉన్న ఒక బంతితోట.

మాది కాకినాడ. ఉద్యోగం హైదరాబాద్ రాయదుర్గంలో. బతుకమ్మ పండగ ముందు ఒక ఆదివారం ఫోటోల కోసం అక్కడికి వెళ్లాను. తోట గలామె గట్టు మీద కూర్చుని ఉంది. ఫోటోలు తీసుకోవచ్చా అండి అని అడిగాను.

"తీస్కో బిడ్డా. పోయినేడు గూడ వచ్చినవా?"

"లేదండి. ఎందుకూ?"

"పోయినేడు పట్నమోళ్లు మస్తుమంది వచ్చి ఫోటోలు దిగిన్రు. నా బిడ్డ పూలు తెంపుకుంట ఈడనే ఉండె. మొన్న ఆషాఢంల జరమొచ్చి పానం పాయె. ఇంట్ల దాని చిన్నప్పటి ఫోటో ఒక్కటే ఉంది. ఎవలి ఫోన్లనన్న ఉన్నదేమో అని వచ్చినోళ్లందర్ని అడుగుతున్న."

నేనిక ఒక్క ఫోటో కూడా తీసుకోలేకపోయాను. మర్నాడు ఆఫీసులో అందరినీ అడిగాను. మా టీమ్‌లో స్వప్న దగ్గర కిందటేడు అక్కడ దిగిన ఫోటో ఒకటి దొరికింది. పువ్వుల మధ్య స్వప్న నవ్వుతూ నిలబడింది. పక్కన పూలు తెంపుతున్న అమ్మాయి అడ్డంగా ఉందని ఫోటోను అప్పుడే ఆ వైపు కత్తిరించేసిందట. అసలుది ఎప్పుడో తీసేసింది. అంచున పూలబుట్ట పట్టుకున్న చెయ్యి ఒక్కటే మిగిలింది.

ఇవ్వాలా వద్దా అని వారం తటపటాయించి, చివరికి ప్రింటు తీయించి తీసుకెళ్లాను. ఆమె చాలాసేపు చూసింది.

"ఈ గాజులు నేనే ఏయించిన" అంది.

తర్వాత స్వప్న ముఖం వెనక్కి పోయేలా ఫోటోను మడిచి, ఆ చెయ్యి ఒక్కటే కనిపించేలా ఒళ్లో పెట్టుకుంది.